మేనేజరు కొరికిన కుర్చీ

"కుందేలు నీది, నీ ఇష్టం. కానీ దీని గడ్డం కింద ఆ తడేమిటో ముందు చెప్పు."

"నీళ్ళు తాగి ఉంటారు."

"గిన్నెలో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి."

"అయితే చెమటేమో."

"కుందేలుకి, అదీ గడ్డానికి, చెమటా?"

స్టూలు కాలి మీద గరుకు కాగితం ఆడిస్తున్న చెయ్యి ఆగింది. ఆ చెయ్యి గల మనిషి ఫర్నిచర్ షాపు నడుపుతాడు. వీధి వీధంతా అతన్ని ఫినిషింగ్ అని పిలుస్తుంది. ఏ వస్తువు ఎప్పుడిస్తావని ఎవరడిగినా "అంతా అయిపోయిందండీ, ఫినిషింగే ఉంది" అంటాడు. ఆ ఒక్క ఫినిషింగుకీ వారం పడుతుంది. కానీ అతను చేసిన బల్ల మీద చెయ్యి పెట్టి నిమిరితే మళ్ళీ తియ్యబుద్ధి కాదు. అందుకే తిట్టుకుంటూనే అందరూ అతని దగ్గరికే వస్తారు.

అడుగుతున్న అమ్మాయి పక్క షాపులో కుషన్లు కుడుతుంది. షాపు వాళ్ళ నాన్నది. రెక్సిన్‌లో గుచ్చే పెద్ద సూది పేరు ఫినిషింగే ఆమెకి తగిలించాడు, మాట అలాగే దిగుతుందని. దబ్బనం అనగానే మొదట్లో ఒంటికాలి మీద లేచేది. ఇప్పుడు అతను అసలు పేరుతో పిలిస్తే ఏదో కొంప మునిగిందనుకుంటుంది.

రెండు షాపులకీ మధ్య ఒకటే గోడ. నాలుగేళ్ళుగా అతను కుర్చీకి ఎముకలు పెడితే ఆమె కండ పెడుతోంది. ఇద్దరూ మంచి స్నేహితులు. అంతేనని ఇద్దరూ అందరికీ చెబుతారు, ఎవరూ అడగకపోయినా.

ఇక కుందేలు సంగతి. ఇల్లు మారుతున్న కస్టమరొకాయన రెండు నెలల కిందట బీరువా రిపేరుకిచ్చి, దాంతోపాటు అట్టపెట్టెలో ఈ కుందేల్నీ దించాడు. తర్వాత బీరువా తీసుకెళ్ళాడు, కుందేల్ని మర్చిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. వద్దనడం చేతకాని ఫినిషింగ్ దాన్ని ఉంచేసుకున్నాడు. పొద్దుట్నించీ ఒకచోట కూర్చుని పనిచేసేవాళ్ళని తేరిపార చూడ్డం తప్ప ఏ పనీ చెయ్యదు కనక దానికి మేనేజరని పేరొచ్చింది. పేరుకి తగ్గట్టు ఫినిషింగ్ దాని గురించి 'వారు' అనే మాట్లాడతాడు.

"నిన్న సాయంత్రం ఏం తింది?" అంది దబ్బనం.

"బ్రెడ్డు. అంచులు తీసేసి పెట్టాను, గుచ్చుకుంటాయని."

"తిందా?"

"వాసన చూశారు."

"పొద్దున?"

ఫినిషింగ్ గూటి వైపు చూశాడు. గూట్లో పింగాణీ సాసరు మీద క్యారెట్ ముక్కలున్నాయి. అన్నీ ఒకే కొలత, అరంగుళానికి అరంగుళం. ఒక్కటీ తగ్గలేదు.

ఆ గూడు చూడాలి అసలు. మనుషులకి అద్దెకివ్వొచ్చు. మెరిసే పాలిష్, గుండ్రటి మూలలు, లోపల మెత్తటి పరుపు. ఆ పరుపు కుట్టింది దబ్బనమే. మొదటి రోజునే మేనేజరు గుమ్మాన్ని కాస్త కొరికింది. నాలుగు రోజులు కూర్చుని చేసిన గుమ్మం అది. ఫినిషింగుకి ప్రాణం చివుక్కుమంది. మర్నాటికల్లా గూటి అంచులన్నిటికీ ఇత్తడి పట్టీల బీడింగు కొట్టేశాడు. ఇప్పుడక్కడ పన్ను దిగే చోటంటూ లేదు.

"నేను తెచ్చిన గడ్డేది?"

"తీసేశాను. షాపంతా పడుతోంది. కస్టమర్లు చూస్తే ఏమనుకుంటారు?"

"కుందేలు గడ్డి తింటోందనుకుంటారు. చెప్పానా లేదా? ఇది గడ్డి తినే జంతువు, బ్రెడ్డు కాదు. నెల్లాళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు."

"దబ్బనం, ఒక్క పూట తినకపోతే ఏమవుతుంది? అలిగి ఉంటారు. సాయంత్రానికి వారే తింటారు."

ఆ మాటకి ఆమె మొహం మారిపోయింది. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె నవ్వలేదు.

"నీకు శ్రద్ధ లేదని కాదు," అంది మెల్లిగా. "ఉంది. అదిగో, ఆ మూల దుప్పటి కప్పి పెట్టావే, ఆ కుర్చీ మీద ఉంది. ఎనిమిది నెలల్నించీ ఎవరో మహారాణి కోసం చెక్కుతున్నావు. అందులో పావు వంతు దీని మీద పెడితే చాలు."

ఆ కుర్చీ పేరెత్తితే చాలు, ఆమె సూది రెక్సిన్‌లో రెండింతలు గట్టిగా దిగుతుంది. ఒక లేడీ కస్టమరుకని చెప్పాడు. "ఆవిడ నీ ఎత్తే ఉంటుంది, ఒకసారి కూర్చో" అని ఆమె మోకాలి దగ్గర్నుంచి మడమ దాకా టేపు పెట్టి కొలిచాడు. మరో రోజు వచ్చి "నీకైతే ఏ రంగు కుషన్ నచ్చుతుంది?" అన్నాడు. ఆమె పళ్ళు నూరుకుంటూ తనకి బాగా ఇష్టమైన ముదురాకుపచ్చ చెప్పి, పళ్ళు నూరుకుంటూనే కుట్టి ఇచ్చింది. ఆ ఆవిడ ఇంతవరకూ షాపు గుమ్మం తొక్కలేదు. అయినా దబ్బనానికి ఆవిడంటే పడదు.

"కుర్చీ సంగతి ఇప్పుడెందుకు?" అన్నాడు ఫినిషింగ్, చెవులు ఎర్రబడి. "కుందేలు నాది. నాకు చేతనైనట్టు చూసుకుంటున్నాను. అన్నిటికీ నువ్వొచ్చి గుచ్చక్కర్లేదు."

వెంటనే నాలిక్కరుచుకున్నాడు. కానీ అన్న మాట తిరిగి రాదు.

ఆమె వెళ్ళిపోతుందనుకున్నాడు. వెళ్ళలేదు. గూటి ముందు కింద కూర్చుండిపోయింది.

"నాకు పదేళ్ళప్పుడు కుందేలుండేది," అంది. "బిస్కెట్లు పెట్టేదాన్ని. ఇష్టంగా తినేది. ఒకరోజు తినడం మానేసింది. గడ్డం ఇలాగే తడిగా ఉండేది. ఒక్క పూట తినకపోతే ఏమవుతుందన్నారు అందరూ. నేనూ అదే అనుకుని స్కూలుకి పోయాను. మర్నాడు పొద్దున్న చూస్తే బిగుసుకుపోయి ఉంది. ఎవరికీ చెప్పలేదు నేనీ సంగతి. దీన్ని నువ్వు ఉంచుకున్న రోజు నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు తెలుసా? రోజూ షాపు తెరవగానే ముందు గోడకి చెవి పెట్టి, ఇది కదులుతోందో లేదో వింటాను."

ఫినిషింగ్ లేచాడు. అప్పుడే జిగురు రాసిన బల్ల ఒకటి ఎదురుగా ఉంది. దానికి బిగింపులు పెట్టకుండా వదిలేస్తే అతుకు విడిపోతుంది, వారం పని బూడిదలో పోసినట్టే. దానివంక ఒక్కసారి చూశాడు. ఏప్రన్ విప్పి దాని మీదే పడేసి, మేనేజరుని రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"పద," అన్నాడు.

తడి జిగురు వదిలేసి అతను గుమ్మం దాటడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

*

పెంపుడు జంతువుల డాక్టరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. మనుషులతో ఎక్కువ మాట్లాడదు. మేనేజరు పై పెదవి ఎత్తి చూసి, "ఊఁ" అంది. పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి ఇంకో "ఊఁ" అంది. రెండో "ఊఁ" దబ్బనానికి నచ్చలేదు.

"ముందు పళ్ళు పెరిగిపోయి పెదవికి గుచ్చుకుంటున్నాయి. అందుకే ఈ చొంగ. ఆకలి లేక కాదు, నోరు మూయడానికి లేక తినట్లేదు. పొట్ట కదలిక కూడా తగ్గింది. దీనికి పళ్ళు మన గోళ్ళలా పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నములుతూ, చెక్క కొరుకుతూ అరగదీసుకోవాలి. ఏం పెడుతున్నారు?"

ఫినిషింగ్ చెప్పాడు. అంచులు తీసిన బ్రెడ్డు, అరంగుళం ముక్కలు.

"ఉండేదెక్కడ?"

అతను ఫోన్లో గూడు ఫోటో చూపించాడు. పాపం, ఆ స్థితిలో కూడా గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది. "నేనే చేశానండీ."

డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని ఫోటోని పెద్దది చేసి చూసింది. "జైలు చాలా బాగుంది. ఇత్తడి కూడా వేశారే. బాబూ, నువ్వు దీనికి కొరికేదంటూ ఏదీ లేకుండా అంతా నున్నగా చేసిపెట్టావు. గరుకు లేకపోతే బతకదిది."

ఫినిషింగ్ తల దించుకున్నాడు. దబ్బనం ఇంతకుముందు అనాలని దాచుకున్న మాటలు చాలానే ఉన్నాయి. ఆ వంగిన మెడ చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. "ఆయనకి తెలియదండీ," అంది డాక్టరమ్మతో. "చాలా ప్రేమగా చూసుకుంటారు." ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయింది.

చిన్న పరికరంతో పళ్ళు సరిచేసి, ఒక సూది మందిచ్చి, సిరంజితో పట్టించడానికి పిండిలాంటి మందు చేతిలో పెట్టింది డాక్టరమ్మ. "గంటకోసారి కొంచెం పట్టించండి. గడ్డి పెట్టండి. సాయంత్రం లోపల తనంతట తను నోరు కదిపిందా, గండం గడిచినట్టే. లేదా, వెంటనే మళ్ళీ తీసుకురండి. చెక్క పెడితే పాలిష్, చెద మందు, జిగురు తగలనిదే పెట్టాలి. పండ్లచెట్టు చెక్క అయితే మరీ మంచిది." కార్డు తీసి పెన్ను పట్టుకుంది. "ఓనరెవరు?"

"నేను," అన్నారిద్దరూ ఒకేసారి.

డాక్టరమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఇద్దరూ" అని రాసి ఇచ్చేసింది.

దారిలో ఆ కార్డు ఎవరి దగ్గరుండాలనే దాని మీద చిన్న వాదన జరిగింది. చివరికి దబ్బనం పర్సులోకి వెళ్ళింది.

*

షాపుకొచ్చేసరికి బల్ల అతుకు విడిపోయి నోరు తెరుచుకుని ఉంది. ఫినిషింగ్ దాన్ని పక్కకి నెట్టేశాడు. పటకారు తీసుకుని గూటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క ఇత్తడి బీడింగే ఊడదీశాడు. మేకు వచ్చినప్పుడల్లా ఆ మెరిసే పాలిష్ పెచ్చులూడింది. అతను రెప్ప కూడా వెయ్యలేదు.

దబ్బనం వెనక ఖాళీ స్థలంలోంచి గంపెడు గడ్డి కోసుకొచ్చింది. షాపు మధ్యలో పోసింది. మేనేజరుని కింద వదిలారు. అది గడ్డి పక్కన ముడుచుకుని కూర్చుంది, చెవులు వెనక్కి వాల్చి. నోరు కదల్లేదు.

మూడింటికి మందు పట్టించారు. ఆమె పట్టుకుంటే అతను సిరంజి నొక్కాడు. సగం మందు అతని చొక్కా మీద పడింది. నాలుగింటికి మళ్ళీ. అప్పుడు మొత్తం ఆమె చున్నీ మీద పడింది. బయట వాన మొదలైంది. వీధిలో జనం పరిగెడుతున్నారు. షట్టరు సగానికి దించి, ఆ సందులోంచి వచ్చే వెలుతురులో ఇద్దరూ నేల మీద కూర్చున్నారు.

షాపులో ఉన్న చెక్క ముక్కలన్నీ అతను తెచ్చి వాసన చూశాడు. "దీనికి పాలిష్ తగిలింది. ఇది చెద మందు కొట్టిన చెక్క. దీనికి జిగురు. దబ్బనం, ఇంత పెద్ద షాపులో నేను ముట్టుకోని చెక్క ఒక్కటి లేదు."

"గడ్డి ఉందిగా. తింటుందిలే."

"తినకపోతే?"

"అలా అనకు."

"సారీ," అన్నాడు. "పొద్దున అన్న మాటకి. నువ్వు గుచ్చకపోతే నాకు అసలు ఏదీ తెలిసేది కాదు. నువ్వు చెప్పిన ప్రతిసారీ వినే ఉంటే ఇది ఈ పాటికి వీధంతా గెంతుతూ ఉండేది."

ఆమె అతని భుజానికి తన భుజం ఆనించింది, అలిసిపోయినట్టు. నిజంగా అలిసిపోయిందో లేదో ఆమెకే తెలియాలి. గడియారం అయిదు కొట్టింది. మేనేజరు లేచి రెండడుగులు వేసింది. గడ్డి దాటింది. గూడు దాటింది. మూలకెళ్ళి దుప్పటి కింద దూరింది.

చావడానికి చీకటి వెతుక్కుంటోందనిపించింది దబ్బనానికి. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు వినిపించింది.

గరగర. ఆగింది. మళ్ళీ గరగర, గరగర.

ఇద్దరూ మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళారు. దబ్బనం దుప్పటి లాగేసింది. లేత రంగు చెక్కతో కుర్చీ. సన్నటి నడుములాంటి వీపు, కాస్త వంగిన చేతులు, ముదురాకుపచ్చ కుషన్. ముందు ఎడమ కాలి దగ్గర మేనేజరు కూర్చుని, బాకీ వసూలుకొచ్చినవాడిలా కొరికేస్తోంది. చెక్క పొట్టు ముక్కు మీద పడుతోంది.

"తింటోంది," అంది దబ్బనం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరుక్షణం కుర్చీ కాలి వైపు చెయ్యి చాపింది. "అయ్యో, ఆవిడ కుర్చీ. పట్టుకో దాన్ని, కాలు సగం పోయింది."

"కొరకనీ," అన్నాడు ఫినిషింగ్. నేల మీద అలాగే చతికిలబడి నవ్వుతున్నాడు. "పండ్లచెట్టు చెక్కే. పాలిష్ లేదు, మందు లేదు, చేత్తో బిగించిన అతుకులే కాబట్టి జిగురు కూడా లేదు. షాపు మొత్తంలో నేను ఫినిషింగ్ చెయ్యంది ఇదొక్కటే. మర్చేపోయాను చూడు."

"మరి ఆవిడకేం చెబుతావ్?"

"ఏ ఆవిడకి?"

"ఎనిమిది నెలల్నించీ ఎదురుచూస్తోందే, నా ఎత్తు ఆవిడ."

"ఆవిడ ఎదురుచూడట్లేదు. ఆవిడకసలు ఈ సంగతే తెలియదు. రోజంతా వీపుకి ఆసరా లేని ముక్కాలి పీట మీద కూర్చుని కుట్టి, సాయంత్రానికి నడుం పట్టుకుని లేస్తుంది. లేస్తూ 'అమ్మా' అంటుంది. ఆ 'అమ్మా' నాకు గోడలోంచి వినిపిస్తుంది."

దబ్బనం కుర్చీని చూసింది. కుషన్ రంగు చూసింది. మోకాలి నుంచి మడమ దాకా టేపు పట్టుకున్న ఆ రోజు గుర్తొచ్చింది. నాలుగేళ్ళుగా ఊరందరికీ కొలతలు చూసి కుట్టే మనిషి, తన కొలత తను పోల్చుకోలేకపోయింది.

"నాకా?" అంది.

"నీకే."

"మరి ఎనిమిది నెలలు ఏం చేశావ్ దీన్ని?"

"చేసింది నెలే. మిగతా ఏడు నెలలూ ఫినిషింగ్ కాలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఇది ఇస్తే ఎందుకిచ్చావని అడుగుతావు. అడిగితే చెప్పాలి. చెప్పాక నువ్వు కాదంటే ఆ గోడకి ఇవతల నేనెలా పనిచెయ్యను? ఏ వంకా లేకుండా, వేలు పెట్టడానికి లేనంత నున్నగా తయారయ్యాక ఇద్దామనుకున్నాను." కొరుకుతున్న కాలిని చూపించాడు. "ఇంక దీనికి ఫినిషింగ్ అనేది లేదు. కాబట్టి ఇలాగే ఇస్తున్నాను. నువ్వంటే నాకు ఇష్టం. నాలుగేళ్ళుగా ఇష్టం."

దబ్బనం లేచింది. చున్నీ మీద మందు మరకలు దులుపుకుంది, పోవని తెలిసినా. కుర్చీలో కూర్చుంది. వీపు సరిగ్గా ఆనింది. పాదాలు సరిగ్గా నేలకి తగిలాయి. ఎడమ వైపు మాత్రం కాస్త ఒరిగింది.

"ఊగుతోంది," అంది.

ఫినిషింగ్ మొహం పాలిపోయింది. "సరిచేస్తాను. రెండు రోజులు..."

"చెయ్యి వేశావంటే ఊరుకోను. నాకిలాగే కావాలి. కుర్చీ కూడా, చేసినవాడు కూడా."

సరిగ్గా అప్పుడే మేనేజరు కుర్చీ వదిలేసి గడ్డి దగ్గరికి నడిచి, ఒక పరక లాగి నమలడం మొదలుపెట్టింది. పరక చివర పైకీ కిందకీ ఊగుతూ నోట్లోకి మాయమైంది. రెండోది. మూడోది. తర్వాత ఉన్నట్టుండి గాల్లోకి లేచి, మధ్యలో ఒళ్ళు మెలితిప్పి, ఇంకో దిక్కుకి దిగింది. ఎంత సంతోషం వస్తే కుందేలు అలా గెంతుతుందో పదేళ్ళ వయసులో చూసిన దబ్బనానికి తెలుసు. పదిహేనేళ్ళుగా మనసులో ఉన్న బరువేదో ఆ గెంతుతో దిగిపోయింది. చప్పట్లు కొడుతూ ఏడ్చేసింది.

షట్టరు కింద నుంచి ముందు ఒక తడి గొడుగు, తర్వాత దబ్బనం వాళ్ళ నాన్న లోపలికొచ్చారు. ఆయన్ని వీధిలో పాలవాడి దగ్గర్నుంచి పోస్ట్‌మాన్ దాకా అందరూ బాబాయ్ అంటారు. ఫినిషింగ్ ఒక్కడే మొదట్నించీ సార్ అంటాడు. పొగరని దబ్బనం చాలాసార్లు దెప్పింది కూడా.

ఆయన అంతా చూశారు. ఊడిన ఇత్తడి, విడిపోయిన బల్ల, షాపంతా గడ్డి, కన్నీళ్ళతో నవ్వుతున్న కూతురు, ఆమె కూర్చున్న ఒంటి కాలు అరిగిన కుర్చీ.

"కుందేలెలా ఉంది?" అన్నారు.

"తింటోంది సార్," అన్నాడు ఫినిషింగ్, చేతులు కట్టుకుని.

"ఆ సార్ సంగతే అడుగుదామనుకుంటున్నాను చాలా రోజుల్నించీ. ఈ వీధిలో నన్ను బాబాయ్ అననిది నువ్వొక్కడివే. ఎందుకయ్యా?"

ఫినిషింగ్ ఒకసారి దబ్బనం వంక చూశాడు. ఇంక దాచుకోవడానికి ఏ దుప్పటీ లేదు.

"బాబాయ్ అంటే ఈవిడ నాకు చెల్లెలైపోతుంది సార్."

నాన్నగారు చాలాసేపు గొడుగు మడిచారు. గొడుగు ఎప్పుడో మడిచేసి ఉంది.

"నాలుగేళ్ళు," అన్నారు చివరికి. "నాలుగేళ్ళు జాగ్రత్తగా నోరు కాచుకున్నావన్నమాట. నేనేమో కుర్రాడికి మర్యాద ఎక్కువనుకున్నాను. సరే, రేపు మీ అమ్మగారిని మా ఇంటికి రమ్మను. మేం మాట్లాడుకుంటాం." తడిసిన చొక్కా విదిలించుకుని చుట్టూ చూశారు. "ముందు నన్ను కాస్త కూర్చోనీ. అమ్మాయ్, లే."

"లేవను నాన్నా. ఇది నాది. మీకింకోటి చేసిపెట్టమనండి."

"వీడా? ఎనిమిది నెలలు పడుతుంది. అంతకాలం నేనాగలేను," అన్నారాయన. "దేనికీ ఆగలేను. ఈసారి ఫినిషింగ్ లేకపోయినా పర్లేదు, ముహూర్తం దగ్గర్లోనే పెట్టిస్తాను."

ఫినిషింగ్ విడిపోయిన బల్ల ముక్కని ఆయన ముందుకి జరిపాడు. జేబు రుమాలుతో తుడిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"దీని మీద కూర్చోండి, మావయ్యా."

మేనేజరు అప్పటికే మళ్ళీ కుర్చీ దగ్గరికొచ్చి, రెండో కాలి మీద పని మొదలుపెట్టింది.